చిటికెన వేలు అరచేతికి అంటుకుపోయింది: ఏ ఆపరేషన్ మంచిది, ఎంత ఆశ పెట్టుకోవచ్చు

తమ్ముడూ, మీ బాపు చేతి ఫోటోలు, మీరు రాసిన వివరాలు అన్నీ చూశాను. ఆయన వయసు 63. పదేళ్లుగా షుగర్ ఉంది. నర్సంపేట దగ్గర పత్తి, మిర్చి వ్యవసాయం. కుడి చేతి ఉంగరపు వేలు సగం దాకా వంగింది, చిటికెన వేలు గోరు అరచేతికి తగిలేంతగా ముడుచుకుపోయింది. ఒక డాక్టరు ఆపరేషన్ చేస్తే తిన్నగా అవుతుందన్నారు. ఇంకొకరు చిటికెన వేలు తీసేయడమే మేలన్నారు. తెలిసినవాళ్లు సూదితో పది నిమిషాల్లో అయిపోతుందట అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

నేను హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా చేతి ఆపరేషన్లు చేస్తున్న ప్లాస్టిక్ సర్జన్‌ను. ఆ ముగ్గురూ చెప్పిన పద్ధతులు మూడూ ఉన్నవే. ఏది మీ బాపుకు సరిపోతుందో తేలాలంటే మూడు సంగతులు చూడాలి: ఏ కీలు వంగింది, ఎన్నేళ్లుగా వంగి ఉంది, ఆ చేతితో ఆయన రేపు ఏ పని చేసుకోవాలి. వేలు గీత గీసినట్టు తిన్నగా రావడం నా లెక్కలో చివరి సంగతి.

ముందు జబ్బు ఏదో తేల్చుకుందాం. ఫోటోలో అరచేతి మధ్య నుంచి ఉంగరపు వేలు మొదలు దాకా చర్మం కింద గట్టి తాడు లేచి కనిపిస్తోంది, దాని పక్కన చర్మం గుంటపడింది. ఇవి డుప్యుట్రెన్ కాంట్రాక్చర్ లక్షణాలు. పారిస్ సర్జన్ గియోమ్ డుప్యుట్రెన్ 1831లో దీనికి ఆపరేషన్ చేసి, లోపల ఏం జరుగుతుందో వివరించాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచిపోయింది. అరచేతి చర్మం కింద ఒక గట్టి పొర ఉంటుంది. మనం ఏదైనా గట్టిగా పట్టుకున్నప్పుడు చర్మం జారకుండా ఆపేది అదే. ఈ జబ్బులో ఆ పొర మొదట చిన్న గడ్డగా మందమవుతుంది, తర్వాత తాడుగా మారుతుంది, ఆ తాడు ఏళ్ల తరబడి కురచబడుతూ వేలిని లోపలికి లాక్కుంటుంది. వేలిని ముడిచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) చెడిపోదు, నరాలూ చెడిపోవు. అందుకే నూనె రాసి తోమినా, కర్ర పెట్టి లాగి కట్టినా ఆ తాడు సాగదు. నాటు వైద్యుల దగ్గర బలవంతంగా వేలు లాగించుకుని, కీలు వాచి, ఉన్న కదలిక కూడా పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. మీరు ఆ పని చేయించకండి.

పార పట్టడం వల్ల వచ్చిందా అని బాపు బాధపడుతున్నారని రాశారు. వ్యవసాయం చేసే అందరికీ ఇది రాదు. వంశంలో ఉండటం, వయసు, షుగర్, పొగ, మద్యం, ఇవి కలిసివస్తాయి. ఉత్తర ఐరోపా దేశాల్లో చాలా ఎక్కువ, మన దగ్గర తక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం మనకూ తరచుగానే కనిపిస్తుంది. ఆయన చేసిన పనిలో తప్పేమీ లేదని చెప్పండి.

మన జిల్లాల్లో వేళ్లు వంగిపోయి వచ్చేవాళ్లకు ఇంకా వేరే కారణాలుంటాయి, వాటికి ఆపరేషన్లు పూర్తిగా వేరు. కాబట్టి ఇంట్లోనే రెండు పరీక్షలు చేయండి. మొదటిది: మణికట్టును లోపలికి వంచి వేలు తిన్నగా వస్తుందేమో చూడండి. మణికట్టు వంచినప్పుడు వేలు సులువుగా తెరుచుకుంటే అడ్డు టెండన్‌లోనో ముంజేతి కండరంలోనో ఉంది. చిన్నప్పుడు చేయి విరిగి, కట్టు మరీ బిగించి కట్టడం వల్ల కండరం చచ్చిపోయినవాళ్లలో ఇలా ఉంటుంది. డుప్యుట్రెన్‌లో మణికట్టు ఎలా తిప్పినా వేలు అంతే ఉంటుంది. రెండోది: చిటికెన వేలి చర్మం మీద దూదితో తాకించి, కళ్లు మూసుకుని చెప్పమనండి. స్పర్శ తెలియకపోతే, పైగా అరచేతి దగ్గరి మొదటి కీలు వెనక్కి పోయి నడిమి కీలు మాత్రమే ముందుకు వంగి ఉంటే, మోచేతి వెనుక నుంచి చిటికెన వేలి దాకా వచ్చే అల్నార్ నరం దెబ్బతిందేమో చూడాలి. కుష్టు వ్యాధి కూడా దానికి ఒక కారణం. దానికి మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది, వేళ్లు సరిచేసే ఆపరేషన్ వేరే ఉంది. మీ బాపు ఫోటోలో మొదటి కీలే ముందుకు వంగి ఉంది, స్పర్శ బాగుందని మీరు రాశారు, కాబట్టి నా అనుమానం డుప్యుట్రెన్ మీదే. అయినా చేయి ముట్టి చూడకుండా ఖాయం చేయలేం.

ఇక అసలు విషయం. అరచేతి దగ్గరి మొదటి కీలు, వేలి నడిమి కీలు, ఈ రెండింటి స్వభావం వేరు. మొదటి కీలు ఎన్నేళ్లు వంగి ఉన్నా, తాడు తెంపితే దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ కీలు నిర్మాణమే అలాంటిది, వంగి ఉన్నప్పుడు దాని పక్క బంధనాలు సాగి ఉంటాయి. నడిమి కీలు అలా కాదు. అది నెలల తరబడి వంగి ఉంటే కీలు ముందుభాగంలోని బంధనాలు కురచబడి అతుక్కుపోతాయి, వేలి వెనుక నుంచి తిన్నగా చేసే టెండన్ సాగిపోయి బలహీనపడుతుంది. తాడు మొత్తం తీసేసినా ఆ కీలు మొండికేస్తుంది. అందుకే మొదటి కీలు 30 డిగ్రీలు వంగేదాకా ఆగినా నష్టం లేదంటాం, నడిమి కీలు వంగడం మొదలైతే చూపించుకోవడంలో ఆలస్యం వద్దంటాం. బల్ల మీద అరచేయి పరిచి పెట్టమంటే చేయి పూర్తిగా ఆనకపోవడమే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సమయం. మీ బాపు ఆ దశ దాటి చాలా కాలమైంది. ఉంగరపు వేలిలో వంగింది మొదటి కీలు, దాని గురించి నాకు పెద్ద దిగులు లేదు. చిటికెన వేలిలో రెండు కీళ్లూ వంగాయి, నడిమి కీలు దాదాపు 90 డిగ్రీలు. కష్టమంతా అక్కడే.

సూది పద్ధతి గురించి. చర్మం మాత్రమే మొద్దుబార్చి, సూది మొన అంచుతో తాడును రెండు మూడు చోట్ల తెంపి, వేలిని లాగి తెరుస్తాం. కోత లేదు, కుట్లు లేవు, అదే రోజు ఇంటికి పోవచ్చు, వారంలో తేలిక పనులు చేసుకోవచ్చు. మొదటి కీలు మాత్రమే వంగి, తాడు ఒక్కటే స్పష్టంగా చేతికి తగులుతుంటే చక్కటి పద్ధతి. కానీ తాడు లోపలే ఉండిపోతుంది కాబట్టి మళ్లీ వస్తుంది. నెదర్లాండ్స్‌లో సూది పద్ధతిని, కోసి తాడు తీసే ఆపరేషన్‌ను పోల్చి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదేళ్లకు సూదితో చేసినవాళ్లలో సుమారు 85 శాతానికి వంపు తిరిగి వచ్చింది, కోసి తాడు తీసినవాళ్లలో సుమారు 21 శాతానికి వచ్చింది. మీ బాపు ఉంగరపు వేలికి మాత్రమే అయితే నేను సూదికి ఒప్పుకునేవాడిని. చిటికెన వేలి లోపల తాడు నరం పక్కనే పోతుంది, అక్కడ కంటికి కనిపించకుండా సూది ఆడించడం నాకు ఇష్టం లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇంత ముదిరిన చేతికీ సూది పనికొస్తుంది. వేలు అరచేతికి అంటుకుని ఉన్నప్పుడు ఆ మడతలో చెమట, మురికి చేరి చర్మం పాచిపోతుంది, వాసన వస్తుంది, ఒక్కోసారి గోరు గుచ్చుకుని పుండు పడుతుంది. అలాంటి చర్మం మీద నేరుగా పెద్ద కోత పెడితే ఇన్ఫెక్షన్ ఖాయం, షుగర్ ఉన్నవాళ్లలో మరీనూ. అప్పుడు అరచేతిలో తాడును సూదితోనో చిన్న కోతతోనో తెంపి, మొదటి కీలును తెరిచి, కొన్ని వారాలు కడుక్కుని ఆరబెట్టుకోనిచ్చి, చర్మం బాగయ్యాక అసలు ఆపరేషన్ చేస్తాం. మీ బాపు మడతలో తెల్లగా నానిన చర్మం కనిపిస్తోంది. ఇప్పటినుంచే రోజూ సబ్బునీళ్లతో కడిగి, బాగా తుడిచి, మధ్యలో పొడి గాజుగుడ్డ పెట్టండి.

తాడును కరిగించే ఇంజెక్షన్ గురించి కూడా ఎవరో చెప్పారన్నారు. కొలాజినేజ్ అనే ఆ మందుకు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. ఐరోపాలో కంపెనీ వ్యాపార కారణాలతో 2020లో వెనక్కి తీసుకుంది. అది దొరికే దేశాల్లో కూడా ఇంత ముదిరిన నడిమి కీలుకు ఫలితం అంతంత మాత్రమే. దాని కోసం వెతుకుతూ నెలలు పోగొట్టుకోకండి.

మీ బాపుకు నేను సూచించేది కోసి తాడు తీసే ఆపరేషన్, ఫాసియెక్టమీ అంటారు. అరచేతి నుంచి వేలిదాకా వంకరటింకర గీతగా కోస్తాం. నిలువుగా కోస్తే ఆ మచ్చే మళ్లీ కురచబడి వేలిని లాగుతుంది. చర్మం లేపి, భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని, జబ్బుపడ్డ పొరను ముక్కగా తీసేస్తాం. చూడటానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. ఎందుకంటే చిటికెన వేలి మొదట్లో వేలి నరం, రక్తనాళం ఆ తాడు చుట్టూ, పందిరి కర్రకు చిక్కుడు తీగ చుట్టుకున్నట్టు తిరిగి ఉంటాయి. తాడు కురచబడేకొద్దీ నరం తన చోటు వదిలి మధ్యకు, చర్మానికి దగ్గరగా జరుగుతుంది. మామూలు చోట ఉందనుకుని కోస్తే తెగుతుంది. అందుకే ఆపరేషన్ ఎక్కడ చేయించినా, చేతి ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ దగ్గరే చేయించండి. ఈ జబ్బుకు ఏడాదిలో ఎన్ని ఆపరేషన్లు చేస్తారని నేరుగా అడగండి. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

వేలు తెరవగానే చర్మం చాలదు. ఇన్నేళ్లు ముడుచుకుని ఉన్న చర్మం కూడా కురచబడి ఉంటుంది. దీనికి మూడు దారులు. కోతలను జెడ్ ఆకారంలో తిప్పి కొంత పొడవు తెచ్చుకోవచ్చు. అరచేతిలో అడ్డకోతను కుట్టకుండా తెరిచి వదిలేయవచ్చు. మకాష్ అనే సర్జన్ 1964లో చెప్పిన పద్ధతి అది. చూసినవాళ్లు భయపడతారు కానీ మూడు నుంచి ఐదు వారాల్లో దానంతటదే మూసుకుంటుంది, లోపల రక్తం గడ్డకట్టదు, నొప్పి తక్కువ, వేళ్లు రెండో రోజు నుంచే కదపవచ్చు. వయసు పైబడిన చేతులకు నాకు నచ్చిన పద్ధతి ఇది. మూడోది, జబ్బు పట్టిన చర్మాన్ని కూడా తాడుతో పాటు తీసేసి, మోచేతి పైన లోపలి వైపు నుంచో గజ్జల నుంచో పూర్తి మందం చర్మం తెచ్చి అతికించడం. గ్రాఫ్ట్ వేసిన చోట కింద జబ్బు తిరిగి రావడం చాలా అరుదు. చిన్న వయసులో జబ్బు మొదలైనవాళ్లకు, ఒకసారి ఆపరేషన్ అయి మళ్లీ వచ్చినవాళ్లకు దీన్నే చేస్తాం. మీ బాపుకు చిటికెన వేలి మొదట్లో చిన్న గ్రాఫ్ట్ అవసరం పడొచ్చు, ముందే ఒప్పుకుని వెళ్లండి.

నడిమి కీలు దగ్గర సర్జన్ ఆగాల్సిన చోట ఆగాలి. తాడు తీశాక కీలు ఇంకా 30, 40 డిగ్రీలు వంగి ఉంటే, కీలు ముందు వైపు అతుక్కున్న బంధనాలను మెల్లగా వదిలించవచ్చు. అప్పటికీ మిగిలితే ఇంకా ఇంకా కోస్తూ పోవడం తప్పు. అలా బలవంతంగా తిన్నగా చేసిన వేలు తర్వాత ముడుచుకోదు, ముడుచుకోని వేలు వంగిన వేలి కంటే ఎక్కువ అడ్డు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏళ్లుగా వంగి ఉన్న రక్తనాళాలు కురచబడి ఉంటాయి, ఒక్కసారిగా వేలు లాగితే రక్తం అందక తెల్లబడుతుంది. అప్పుడు వేలిని కాస్త వంచి, వెచ్చటి సెలైన్ పోసి, రంగు వచ్చేదాకా ఆగుతాం. రాకపోతే అంత వంపుతోనే వదిలేయాలి. వర్ధన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు ఇలాగే సుమారు 35 డిగ్రీలు మిగిలింది. ఆయన కొడుకు నిరాశపడ్డాడు. ఆ రైతు మాత్రం కుడి చేత్తో అన్నం కలుపుకోవచ్చు, గడ్డపార పట్టుకోవచ్చు, ముఖం కడుక్కుంటే వేలు కంట్లో గుచ్చుకోదు, ఇంకేం కావాలన్నాడు. నేను కోరుకునేదీ అదే. ఆపరేషన్‌కు ముందు మీ బాపుతో కూర్చుని, ఆయనకు ఇప్పుడు ఏ పనులు కుదరడం లేదో రాసుకోండి. దండం పెట్టడమా, కొడవలి పట్టడమా, జేబులో చేయి పెట్టడమా? ఆ కాగితం సర్జన్‌కు ఇవ్వండి.

నడిమి కీలు మరీ మొండిదైతే అసలు ఆపరేషన్‌కు ముందు బయటి నుంచి చిన్న ఫిక్సేటర్ (పిన్నులతో ఎముకకు పట్టించే చట్రం) బిగించి, రోజూ కొంచెం కొంచెంగా నాలుగు నుంచి ఆరు వారాలు సాగదీసే పద్ధతి ఉంది. ఫలితం బాగుంటుంది, కానీ పిన్నుల దగ్గర శుభ్రత పాటించాలి, వారం వారం రావాలి. పొలం పనుల మధ్య, షుగర్ ఉన్న మనిషికి కుదిరేది తక్కువ.

కీలును అతికించేయడం ఇంకో దారి. ఎముకలను కొంచెం కత్తిరించి, కీలును పనికొచ్చే వంపులో, చిటికెన వేలికైతే సుమారు 50 డిగ్రీల దగ్గర, వైరుతోనో స్క్రూతోనో శాశ్వతంగా నిలబెడతాం. కీలు అరిగిపోయి ఉంటే, లేదా ఒకసారి ఆపరేషన్ చేసినా మళ్లీ వంగిపోతే ఇది చాలా నమ్మకమైన పని. వేలు ముడుచుకోదు గానీ అరచేయి తెరుచుకుంటుంది, పట్టు నిలుస్తుంది.

వేలు తీసేయమన్న మాట మిమ్మల్ని ఎంత కలవరపెట్టిందో అర్థమైంది. ఆ డాక్టరు కావాలని భయపెట్టారని నేను అనుకోను. పదేపదే ఆపరేషన్లు అయి, స్పర్శ పోయి, చలికి నీలంగా మారి, నొప్పి పుట్టే వేలు మనిషికి భారమే, అప్పుడు తీసేస్తే చేయి బాగుపడుతుంది. కానీ మీ బాపుకు ఇది మొదటి ఆపరేషన్. స్పర్శ ఉంది, రక్తం ఆడుతోంది. పార, గొడ్డలి పట్టులో చిటికెన వేలు, ఉంగరపు వేలు ఇచ్చే బలం పెద్దది. ఇప్పుడే తీసేయడానికి నేను ఒప్పుకోను. ముందు తాడు తీయించండి. కుదరకపోతే కీలు అతికించే దారి ఇంకా ఉంటుంది, తీసేయడం ఆ తర్వాతి మాట.

ఆపరేషన్‌కు ముందు షుగర్ అదుపులోకి రావాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 లోపుకు తెచ్చుకోమంటాను. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీకు మీరు ఆపొద్దు, గుండె డాక్టరును అడిగాకే. బీడీ అలవాటుంటే నెల ముందే మానాలి, చర్మం మానేది రక్తప్రసరణతోనే. పూర్తి మత్తు అక్కర్లేదు, చంక దగ్గర బ్లాక్ ఇచ్చి చేయి మాత్రమే మొద్దుబార్చవచ్చు.

ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లోవాళ్ల పని. మొదటి వారం చేయి గుండె కంటే ఎత్తులో ఉంచాలి, కిందికి వేలాడదీస్తే వాపు, వాపు వస్తే బిగుతు. మూడు నుంచి ఐదు రోజుల్లో కట్టు మార్చి వేళ్లు కదపడం మొదలుపెడతాం, గ్రాఫ్ట్ వేసినచోట ఇంకో రెండు మూడు రోజులు ఆగుతాం. రెండు వారాలకు కుట్లు తీస్తాం. రాత్రిపూట వేలిని తెరిచి పట్టి ఉంచే స్ప్లింట్ అందరికీ అవసరమని పరిశోధనల్లో తేలలేదు, కానీ నడిమి కీలు ఇంతగా వంగినవాళ్లకు, మళ్లీ వంపు మొదలవుతున్నవాళ్లకు నేను మూడు నుంచి ఆరు నెలలు వేయిస్తాను. అన్నింటికంటే ముఖ్యం ఫిజియో. వేళ్లు తెరవడం ఎంత ముఖ్యమో, పూర్తిగా పిడికిలి బిగించడం అంతే ముఖ్యం, రెండూ గంట గంటకూ చేయించాలి. చేయి ఎర్రబడి, వాచి, మంటగా, ముట్టుకోనివ్వనంత నొప్పి వస్తే వారం ఆగకండి, వెంటనే చూపించండి. మొదట్లోనే కనిపెడితే తగ్గుతుంది, ముదిరితే వేళ్లన్నీ బిగుసుకుంటాయి.

ఎప్పుడు చేయించాలని అడిగారు. పత్తి ఏరడం, మిర్చి కల్లం పని రెండూ అయ్యాక పెట్టుకోండి, మృగశిర నాటికి చేయి సిద్ధమవుతుంది. కొత్త చర్మం మీద మిర్చి ఘాటు పడితే మంటతో ఆయన చేయి కదపడమే మానేస్తారు, కాబట్టి ఆ సీజన్ మధ్యలో వద్దు. ముందు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చూపించి, అక్కడి వాళ్ల అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ పోవాలంటే నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కార్డు తీసుకెళ్లి, సర్జన్ రాసిన ఆపరేషన్ పేరు చూపించి, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగాకే తేదీ ఖాయం చేసుకోండి.

ఎడమ అరచేతిలో చిన్న గడ్డ ఉందని చివర్లో రాశారు. అది కూడా ఇదే జబ్బు అయ్యుండొచ్చు, కానీ వేలు వంగనంతవరకు దాన్ని కోయించొద్దు, కోస్తే ఒక్కోసారి జబ్బు ఇంకా చురుగ్గా మారుతుంది. ఆరు నెలలకోసారి బల్ల మీద ఆ చేయి పరిచి చూడండి. పూర్తిగా ఆనకపోయిన రోజు ఆలస్యం చేయకుండా తీసుకురండి.